వైరస్ వేరియంట్లలో ప్యాటర్న్ వెతకాలంటే ఏ పద్ధతి? పేరు, చెట్టు, కారణం, జోస్యం వేర్వేరు పనులు

ప్రాజెక్టు కోసం వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు రెండో రోజే ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మూడొందల సీక్వెన్సులున్నాయి. మెషీన్ లెర్నింగ్ పెట్టమంటారా, చెట్టు గీయమంటారా?" ఏం వండాలో తేల్చుకోకుండా ఏ గిన్నె పొయ్యి మీద పెట్టాలని అడిగినట్టుంటుంది. నేను తిరిగి అడిగేది ఒకటే: నీకు కావాల్సింది పేరా, చెట్టా, కారణమా, జోస్యమా? ఈ వైరస్ ఏ వేరియంట్‌దో చెబితే చాలా? ఎవరి నుంచి ఎవరు వచ్చారో చూపే వంశవృక్షం (చెట్టు) కావాలా? ఒక మ్యుటేషన్ వైరస్‌కి లాభమా కాదా అన్నది తేలాలా? లేక రేపు ఏది పెరుగుతుందో చెప్పాలా? ఈ నాలుగింటికీ వాడే టూల్స్ వేరు, పట్టే సమయం వేరు, అవి చేసే తప్పులు కూడా వేరు.

ఇక్కడ ఉదాహరణగా కరోనా వైరస్‌నే తీసుకుంటున్నాను. ఇంత దట్టంగా సీక్వెన్స్ చేసిన వైరస్ ఇంకోటి లేదు. జీఐఎస్ఏఐడీ అనే అంతర్జాతీయ డేటాబ్యాంకులోనే కోటిన్నరకి పైగా జన్యుక్రమాలు (సీక్వెన్సులు) ఉన్నాయి. పద్ధతుల బలం, బలహీనత రెండూ దీని మీద బాగా బయటపడ్డాయి.

టూల్స్‌లోకి వెళ్ళే ముందు ఒక్క అక్షరం చూద్దాం. కరోనా జన్యుక్రమం 29,903 అక్షరాల పొడవు. 2020 వేసవిలో మన దేశంలో దొరికిన సీక్వెన్సుల్లో ఒక గుంపు మిగతావాటి నుంచి విడిగా నిలబడుతోందని హైదరాబాద్ సీసీఎంబీ, ఇతర సీఎస్ఐఆర్ ల్యాబుల వాళ్ళు గమనించి, దానికి ఏ3ఐ అని పేరు పెట్టారు. ఇప్పటి పాంగో (వైరస్ వంశాలకి పేర్లు పెట్టే పద్ధతి) పేర్లలో అది బి.6. ఆ గుంపుని పట్టిచ్చిన నాలుగు మార్పుల్లో ఒకటి 28311వ స్థానంలో సి పోయి టి రావడం. దానివల్ల న్యూక్లియోక్యాప్సిడ్ ప్రొటీన్‌లో 13వ అమైనో ఆమ్లం ప్రొలీన్ నుంచి ల్యూసిన్ అవుతుంది. కొన్ని నెలల్లోనే స్పైక్ (వైరస్ పైనుండే ముల్లులాంటి) ప్రొటీన్‌లో డి614జి అనే మార్పు ఉన్న వైరస్ వచ్చి బి.6ని పక్కకి నెట్టేసింది, కథ అయిపోయింది. 2021 నవంబరులో ఒమిక్రాన్ బయటపడింది. దాని 28311లో కూడా టి ఉంది!

మరి ఒమిక్రాన్ బి.6కి మనవరాలా? కాదు. మిగతా జన్యుక్రమమంతా చూస్తే ఒమిక్రాన్ డి614జి వంశంలోది. బి.6కి అసలు ఆ మార్పే లేదు. ఒకే అక్షరం రెండు చోట్ల విడివిడిగా మారింది, అంతే.

అంటే రెండు సీక్వెన్సుల్లో ఒకే మ్యుటేషన్ కనబడితే దానికి మూడు కారణాలు ఉండొచ్చు. తల్లి నుంచి రావచ్చు. విడివిడిగా రెండుసార్లు పుట్టి ఉండొచ్చు. లేదా వైరస్‌లో ఏమీ లేకుండానే మన ల్యాబులో పుట్టి ఉండొచ్చు. ఏ పద్ధతి ఎంచుకున్నా నేను మొదట చూసేది ఇదే: ఈ మూడింటినీ అది విడదీయగలదా? విడదీయలేనిదైతే దాని పరిధి ఎంతవరకు?

పేరు చాలనుకుంటే: నెక్స్ట్‌క్లేడ్, ప్యాంగోలిన్, అషర్

సగం మందికి నిజంగా కావాల్సింది ఇదే. ఆసుపత్రి నుంచి శాంపిల్స్ వచ్చాయి, అవి ఏ వేరియంట్లో రిపోర్టులో రాయాలి. దీనికి సొంతంగా మోడల్ ట్రెయిన్ చేయడం శుద్ధ దండగ.

నెక్స్ట్‌క్లేడ్‌తో మొదలుపెట్టమంటాను. బ్రౌజర్‌లో ఫాస్టా ఫైల్ (సీక్వెన్సులుండే టెక్స్ట్ ఫైల్) వేస్తే చాలు. పనంతా మీ కంప్యూటర్లోనే జరుగుతుంది, సీక్వెన్స్ ఎక్కడికీ అప్‌లోడ్ కాదు. ఇంకా ప్రచురించని ఆసుపత్రి డేటా చేతిలో ఉన్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. క్లేడ్ (వంశ శాఖ) పేరు, పాంగో పేరు ఇవ్వడమే కాకుండా ప్రతి సీక్వెన్స్‌కీ నాణ్యత మార్కులు కూడా వేస్తుంది. ఎన్ని అక్షరాలు చదవలేక ఎన్‌గా మిగిలాయి, ఎన్ని చోట్ల రెండు అక్షరాలు కలిసి వచ్చాయి, చెట్టులో దగ్గరి బంధువుకి లేని సొంత మ్యుటేషన్లు ఎన్ని ఉన్నాయి అన్నవి రంగుల్లో చూపిస్తుంది. చాలామంది పేరు ఉన్న కాలమ్ కాపీ చేసుకుని ట్యాబ్ మూసేస్తారు. ఆ రంగుల కోసమే నేను అది తెరుస్తాను.

ప్యాంగోలిన్ పాంగో పేర్లకి మొదటి నుంచీ ఉన్న సాఫ్ట్‌వేర్, కమాండ్ లైన్ మీద నడుస్తుంది. దీని చరిత్రలోనే ఒక పోలిక దాగి ఉంది. రెండో వెర్షన్ నుంచి ఇది పేరు పెట్టడానికి మెషీన్ లెర్నింగ్ మోడల్‌ని వాడింది. 2022లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి మామూలుగా నడిపితే వాడేది అషర్ పద్ధతి, అంటే సీక్వెన్స్‌ని తయారుగా ఉన్న పెద్ద చెట్టులో సరైన కొమ్మకి అతికించి, ఆ కొమ్మ పేరు చెప్పడం. కారణం ఊహించొచ్చు. కొన్ని అక్షరాలు లేని సీక్వెన్స్ వచ్చినప్పుడు, రోజుకో కొత్త ఉపవంశం పుడుతున్నప్పుడు, వంశం తెలిసిన పద్ధతి నిలకడగా ఉంటుంది. అక్షరాల పోలిక మాత్రమే తెలిసిన పద్ధతి తడబడుతుంది.

అషర్‌ని నేరుగా కూడా వాడుకోవచ్చు. "మా కాలేజీ హాస్టల్లో వచ్చిన ఈ 12 కేసులు ఒకే చోట నుంచి వచ్చాయా?" అన్న ప్రశ్నకి ప్యాంగోలిన్ ఇచ్చే పేరు సరిపోదు. 12కీ ఒకే పేరు రావచ్చు, అదే పేరు ఉన్నవి ప్రపంచంలో లక్ష ఉండొచ్చు. అషర్ ఆ 12ని కోటి పైచిలుకు సీక్వెన్సుల చెట్టులో పెట్టి, పక్కపక్కనే కూర్చున్నాయా, దూరంగా పడ్డాయా చూపిస్తుంది. ఒక్కో సీక్వెన్స్‌కి పట్టేది కన్ను మూసి తెరిచేంత సేపు. వెబ్‌లో వాడితే మాత్రం మీ సీక్వెన్స్ వాళ్ళ సర్వర్‌కి వెళుతుంది. అది కుదరదంటే మీ మెషీన్ మీద ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

పేరుతో వచ్చే ఇబ్బంది ఇంకోటుంది. పేర్లు స్థిరం కాదు. 2021 మేలో బి.1.617.2 (డెల్టా) అని వచ్చిన ఫైల్‌నే కొన్ని నెలల తర్వాత మళ్ళీ నడిపితే ఏవై అక్షరాలతో మొదలయ్యే పేరు రావచ్చు. వైరస్ మారలేదు, పేర్ల పట్టిక మారింది. జేఎన్.1 అన్న పొట్టి పేరు వెనక అసలు పేరు బి.1.1.529.2.86.1.1. మూడు చుక్కలు దాటితే కొత్త అక్షరాలు ఇవ్వాలన్న నియమం వల్ల అది అలా కుదించుకుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ వెర్షన్, డేటా వెర్షన్ రెండూ రాయని టేబుల్ చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆర్నెల్ల తేడాతో నడిపిన రెండు బ్యాచుల్ని ఒకే గ్రాఫ్‌లో కలిపేసి "కొత్త వేరియంట్ పెరుగుతోంది" అని రాసినవాళ్ళని చూశాను.

చెట్టు కావాలంటే

ఇక్కడ ఎంపిక మూడు రకాలు. మార్పుల సంఖ్య తక్కువ ఉండే చెట్టుని వెతికే పద్ధతి, అంటే అషర్. ఏ అక్షరం ఏ అక్షరంగా ఎంత తరచుగా మారుతుందో లెక్కలోకి తీసుకుని సంభావ్యత ఎక్కువ ఉన్న చెట్టుని వెతికే పద్ధతి, అంటే ఐక్యూ-ట్రీ లాంటివి. చెట్టుతో పాటు తేదీలు, జనాభా పెరుగుదల కూడా కలిపి అంచనా వేసే బేసియన్ పద్ధతి, అంటే బీస్ట్.

పాఠ్యపుస్తకం చదివొచ్చినవాళ్ళు మొదటిదాన్ని పాతకాలపు పద్ధతి అనుకుంటారు. అది ఒకే కొమ్మ మీద ఒకే చోట రెండుమూడు మార్పులు జరిగే దూరపు బంధువుల విషయంలో నిజమే. కరోనాలో సంగతి వేరు. ఒక వంశంలో నెలకి దాదాపు రెండు మార్పులు స్థిరపడతాయి, శాంపిల్సేమో లక్షల్లో ఉంటాయి. పక్కపక్క కొమ్మల మధ్య తేడా ఒకటో రెండో అక్షరాలే. అలాంటప్పుడు తక్కువ మార్పుల చెట్టు వెతకడం దాదాపు సరైన జవాబే ఇస్తుంది, అదీ చాలా వేగంగా. కాబట్టి వేల సీక్వెన్సులుంటే అషర్, వందల్లో ఉండి కొమ్మల మీద నమ్మకం ఎంతో అంకెల్లో చెప్పాల్సి వస్తే ఐక్యూ-ట్రీ. దాని అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ (డేటాని మళ్ళీ మళ్ళీ కలిపి కొమ్మ నిలబడుతుందా అని చూసే పరీక్ష) కనీసం 1000 సార్లు నడపాలి, 95 పైన వస్తేనే కొమ్మని నమ్మాలి. పాత బూట్‌స్ట్రాప్ అలవాటుతో 70కే సంతోషపడితే పొరపాటే.

బీస్ట్ గురించి ఎక్కువ చెప్పను. తేదీలు ప్రధాన ప్రశ్న అయితేనే దాని జోలికి వెళ్ళండి. రోజులు పడుతుంది, కొన్ని వందల సీక్వెన్సులు దాటితే కంప్యూటర్‌కి కష్టం, ఫలితాల్లో ఈఎస్ఎస్ (అంచనాకి దొరికిన స్వతంత్ర నమూనాల లెక్క) 200 దాటిందా అన్నది చూసుకోవాలి. ఉజ్జాయింపు తేదీలు చాలంటే ట్రీటైమ్ అనే టూల్ నిమిషాల్లో ఇస్తుంది.

చెట్టు ఎంత మంచిదన్నది చాలావరకు దానికి ముందు జరిగే అలైన్‌మెంట్ (సీక్వెన్సుల్ని అక్షరానికి అక్షరం ఎదురెదురుగా పేర్చడం) మీద ఆధారపడుతుంది. మాఫ్ట్ అనే టూల్‌తో చేస్తే రిఫరెన్స్ (పోలికకి పెట్టుకున్న మూల సీక్వెన్స్) పొడవు మారకుండా ఉంచే కీప్‌లెంత్ ఆప్షన్ పెట్టండి. లేకపోతే ఎక్కడో ఒక సీక్వెన్స్‌లో మూడు అక్షరాలు అదనంగా ఉన్నందుకు అందరి లెక్కా జరిగిపోతుంది. డి614జి కోసం 23403లో చూస్తే అక్కడ వేరేది ఉంటుంది. సీక్వెన్స్ రెండు చివర్లూ నమ్మదగినవి కావు. మొదటి 55 అక్షరాలు, చివరి 100 అక్షరాలు కప్పేయడం అలవాటు. 11083 లాంటి కొన్ని స్థానాలు పదే పదే మారుతూ చెట్టుని తప్పుదారి పట్టిస్తాయి, వాటి జాబితా కూడా ఉంది.

ఇక ల్యాబులో పుట్టే మ్యుటేషన్ సంగతి. డెల్టాకి స్పైక్‌లో జి142డి అనే మార్పు ఉంది. 21987వ స్థానంలో జి పోయి ఏ వస్తుంది. 2021 సీక్వెన్సులతో చెట్టు గీస్తే ఇది కొన్ని కొమ్మల్లో ఉండేది, పక్క కొమ్మలో పోయేది, మళ్ళీ వచ్చేది. వైరస్ ఈ అక్షరంతో దోబూచులాడుతున్నట్టే కనబడేది. అసలు కారణం ప్రైమర్లు, అంటే సీక్వెన్స్ చేసే ముందు జన్యుక్రమాన్ని ముక్కలుగా పెంచడానికి వాడే చిన్న డీఎన్ఏ తునకలు. అప్పట్లో అందరూ వాడే ఆర్టిక్ వి3 సెట్‌లో ఈ అక్షరం ఉన్న 72వ ముక్క డెల్టా విషయంలో సరిగ్గా పెరగలేదు. ఆ చోట రీడ్స్ (మెషీన్ చదివిన తునకలు) తక్కువ, వచ్చిన నాలుగూ ఇతర శాంపిల్స్ నుంచి కలిసినవి కావచ్చు, లేదా ఖాళీని సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ అక్షరంతో నింపి ఉండొచ్చు. మార్పు ఉన్నచోటే లేనట్టు నమోదైంది. చెట్టు ఉండబట్టి ఇది పట్టుబడింది. ఇంత తక్కువ కాలంలో ఒకే అక్షరం ఇన్నిసార్లు వెనక్కి తిరగదు కదా అన్న అనుమానం చెట్టు చూశాకే వస్తుంది. మ్యుటేషన్ల శాతాలు మాత్రమే లెక్కపెట్టేవాళ్ళకి అది "60 శాతం డెల్టాలో ఉంది, 40 శాతంలో లేదు" అన్న ఉపవేరియంట్ కథలా కనబడుతుంది.

అలైన్‌మెంట్ లేకుండా గుంపులు కట్టడం

ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్ళకి ఇది బాగా నచ్చుతుంది. సీక్వెన్స్‌ని ఆరేసి అక్షరాల ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఆ 4,096 అంకెల వరుసని క్లస్టరింగ్‌కో (గుంపులు కట్టే పద్ధతి) ర్యాండమ్ ఫారెస్ట్‌కో (ఒక మెషీన్ లెర్నింగ్ పద్ధతి) ఇస్తారు. జీవశాస్త్రం తెలియకపోయినా పని జరుగుతుంది. అదే దాని ఆకర్షణ, అదే దాని ప్రమాదం.

నేనూ ఆ గోతిలో పడ్డాను. రెండు చోట్ల నుంచి వచ్చిన సీక్వెన్సులు కలిపి ఈ పద్ధతిలో యూమ్యాప్ (పోలిక ఉన్నవాటిని దగ్గర దగ్గర చుక్కలుగా చూపే) బొమ్మ గీశాను. తెల్ల కాగితం మీద రెండు దీవుల్లా విడిపోయాయి. మధ్యలో ఒక్క చుక్క లేదు. అంత శుభ్రమైన బొమ్మ చూసి మీటింగ్‌లో పెట్టేశాను కూడా. వెనక బెంచీలో కూర్చున్న ఒకమ్మాయి, "మేడమ్, ఒక దీవిలో అందరికీ ఒకే చోట ఎన్‌లున్నాయి" అంది. చూస్తే నిజమే. ఒక చోట వాడిన ప్రైమర్ సెట్‌లో ఒక ముక్క ప్రతిసారీ రాలిపోతోంది. నా దీవులు వేరియంట్లు కావు, రెండు ల్యాబులు.

ఎందుకిలా అయిందో లెక్క వేసి చూడండి. 29,903 అక్షరాల్లో ఆరక్షరాల ముక్కలు 29,898 ఉంటాయి. ఒక అక్షరం మారితే వాటిలో ఆరు ముక్కలు మారతాయి, అంతే. అదే 400 అక్షరాల ముక్క రాలిపోయి ఎన్‌లు మిగిలితే నాలుగొందలకి పైగా ముక్కలు ఒక్కసారే మాయమవుతాయి. అంటే ఒక్క ప్రైమర్ వైఫల్యం, పదుల మ్యుటేషన్లంత బరువు తూగుతుంది. అల్గారిథమ్ తప్పేమీ చేయలేదు. దానికి కనబడిన పెద్ద తేడా చూపించింది.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. సీక్వెన్సుల్ని ఎలా పడితే అలా కలిపి 80 శాతం ట్రెయినింగ్‌కి, 20 శాతం పరీక్షకి విడగొడితే ఆక్యురసీ 99 శాతం రావడం పెద్ద విశేషం కాదు. పరీక్షలో ఉన్న సీక్వెన్స్‌కి కవల లాంటిది ట్రెయినింగ్‌లో ఉంటుంది. ఒక తేదీ పెట్టుకుని, దానికి ముందువి ట్రెయినింగ్‌కి, తర్వాతవి పరీక్షకి ఉంచండి. అప్పుడు వచ్చే అంకె కాస్త సిగ్గుపడేలా ఉంటుంది కానీ నిజం చెబుతుంది.

మరి ఈ పద్ధతి దేనికీ పనికిరాదా? పనికొస్తుంది. వచ్చింది ఏ వైరసో తెలియనప్పుడు, దూరపు బంధువుల్ని అలైన్ చేయడం కుదరనప్పుడు, లక్షల సీక్వెన్సుల నుంచి మీకు దగ్గరగా ఉన్న వెయ్యింటిని చకచకా ఏరుకోవాలన్నప్పుడు. 2020 మొదట్లో కొత్త వైరస్ బీటాకరోనా వైరస్‌ల గుంపులోదేనని అలైన్‌మెంట్ లేకుండా చూపించిన పని ఇలాంటిదే. కుటుంబం చెప్పడానికి బాగుంటుంది. అక్కచెల్లెళ్ళలో ఎవరు ఎవరో చెప్పడానికి కాదు.

కారణం వెతికేవాళ్ళకి

మళ్ళీ మన అక్షరం దగ్గరికి వద్దాం. 28311లో మార్పు బి.6లో, ఒమిక్రాన్‌లో విడివిడిగా వచ్చింది. రెండుసార్లు వచ్చిందంటే వైరస్‌కి దానివల్ల లాభం ఉన్నట్టేనా?

దీనితో పాటు ఇంకో అక్షరం పక్కన పెట్టి చూడాలి. స్పైక్‌లో 440వ స్థానం, ఎన్440కె. 2020 రెండో సగంలో, 2021 మొదట్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సీక్వెన్సుల్లో బి.1.36 గుంపులో ఇది గట్టిగా కనబడింది. 2021 మేలో "ఏపీ స్ట్రెయిన్" అంటూ టీవీల్లో మోత మోగింది. మన రెండు రాష్ట్రాల నుంచి వెళ్ళేవాళ్ళని క్వారంటైన్‌లో పెట్టాలని ఢిల్లీలో ఉత్తర్వులు కూడా వచ్చాయి. అప్పటికే సీక్వెన్సుల లెక్కల్లో ఆ గుంపు తగ్గిపోతోంది, బి.1.617 దాని చోటు ఆక్రమిస్తోంది. సీసీఎంబీ వాళ్ళు ఆ మాటే చెప్పారు. తర్వాత ఒమిక్రాన్‌లో ఎన్440కె మళ్ళీ వచ్చింది, విడిగా.

రెండు అక్షరాలూ కనీసం రెండేసి సార్లు వచ్చాయి. కానీ సాక్ష్యంగా రెండూ సమానం కాదు. 28311లో సి నుంచి టి. ఈ వైరస్‌లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే మార్పు అదే. మన కణాల్లోని ఎంజైములే అలా మారుస్తాయని అనుమానం. ఏ లాభమూ లేకపోయినా అది పదే పదే పుడుతూనే ఉంటుంది. ఎన్440కె 22882వ స్థానంలో టి నుంచి జి. ఇది అరుదైన రకం. అరుదుగా పుట్టాల్సింది మళ్ళీ మళ్ళీ కనబడుతూ, పుట్టినచోట వ్యాపిస్తే వెనక ఏదో లాభం ఉందని అనుకోవడానికి కాస్త ఆధారం దొరుకుతుంది. ఎన్నిసార్లు వచ్చిందన్నది ఒక్కటే చూడకూడదు, ఎన్నిసార్లు రావాల్సి ఉంది అన్నదాంతో పోల్చాలి.

దీనికి టూల్స్ రెండు దారులు. హైఫై అనే ప్యాకేజీ అమైనో ఆమ్లాన్ని మార్చే మార్పులు, మార్చని మార్పుల నిష్పత్తి చూసి ఎంపిక ఒత్తిడి ఉన్న స్థానాలు చెబుతుంది. దాంట్లో మీమ్ అనే పద్ధతి కొన్ని కొమ్మల్లోనే జరిగిన ఎంపికని కూడా పడుతుంది. డేటామంకీ అనే సైట్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే నడపొచ్చు. సీక్వెన్సులు కొన్ని వందలైతే నేను దీనికే ఓటేస్తాను. రెండో దారి, అషర్ పెద్ద చెట్టులో ప్రతి మార్పు ఎన్నిసార్లు కొత్తగా పుట్టిందో లెక్కపెట్టి, ఆ రకం మార్పు సహజంగా పుట్టే వేగంతో పోల్చడం. కరోనాకి ఇది హైఫై కంటే సూక్ష్మంగా చెబుతుంది. అంత డేటా లేని డెంగీకి, నిపాకి కుదరదు.

రెండింటిలో ఏది వాడినా చెట్టు తప్పనిసరి. ఒక మార్పు వంద సీక్వెన్సుల్లో ఉందంటే అది ఒక్కసారి పుట్టి వంద మందికి పాకిందా, వందసార్లు పుట్టిందా అన్నది చెట్టు లేకుండా తెలియదు. లాభం ఎలాంటిదో, యాంటీబాడీ నుంచి తప్పించుకోవడమా, కణానికి గట్టిగా అతుక్కోవడమా అన్నది ఏ చెట్టూ చెప్పదు. అది ల్యాబు బల్ల మీద తేలాల్సిందే.

రెండు కలిసిపోయినప్పుడు

చెట్టుకి ఒక గుడ్డి మచ్చ ఉంది. పిల్లకి తల్లి ఒక్కతే అని అది అనుకుంటుంది. 2022లో మన దగ్గరా సింగపూర్‌లోనూ పెరిగిన ఎక్స్‌బీబీ, బీజే.1, బీఎం.1.1.1 అనే రెండు వంశాలు కలిసి పుట్టినది. అతుకు స్పైక్‌లోనే పడింది. ఇలాంటిదాన్ని మామూలు చెట్టులో పెడితే ఇద్దరు తల్లుల మధ్య పొడుగాటి కొమ్మ మీద వేలాడుతుంది. నెక్స్ట్‌క్లేడ్‌లో సొంత మ్యుటేషన్లు ఒక్కసారిగా ఎక్కువయ్యాయంటే, అవన్నీ వేరే వంశంలో తెలిసినవేనని అది చూపిస్తోందంటే, రెండు విషయాలు అనుమానించాలి: నిజంగా కలయిక, లేదా రెండు శాంపిల్స్ ఒకే ట్యూబులో కలవడం. రిపుల్స్ అనే టూల్ పెద్ద చెట్టులో పొడుగు కొమ్మల్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి మంచి తల్లి ఎవరో వెతుకుతుంది. దాని మాట వినే ముందు అసలు రీడ్స్ తెరవండి. ఒకే చోట రెండు అక్షరాలూ సగం సగం కనబడితే అది కలయిక కాదు, పైపెట్ పొరపాటు.

ఇన్‌ఫ్లుయెంజా మీద పనిచేసేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. దాని జన్యుక్రమం ఎనిమిది ముక్కలు. ముక్కలు ముక్కలుగానే మార్పిడి జరుగుతుంది. ఎనిమిదింటినీ కలిపి ఒకే చెట్టు గీయకండి, ఒక్కోదానికి ఒక్కోటి గీసి పక్కపక్కన పెట్టి చూడండి.

మురుగునీటి శాంపిల్ అయితే సమస్య ఇంకో రకం. అక్కడ ఒక వైరస్ కాదు, ఊరంతా ఉంటుంది. కన్సెన్సస్ సీక్వెన్స్ (ప్రతి చోటా ఎక్కువగా కనబడ్డ అక్షరాల వరుస) తీసి ప్యాంగోలిన్‌కి ఇచ్చారో, ఎవరికీ చెందని ఒక ముఖం వస్తుంది. దానికి ఫ్రేయా వాడాలి. ఒక్కో వంశానికి ఉండే మ్యుటేషన్ల జాబితాని బార్‌కోడ్‌లా పెట్టుకుని, శాంపిల్లో ప్రతి మార్పు ఎంత శాతం ఉందో చూసి, ఏ వంశం ఎంత పాళ్ళు కలిస్తే ఇది వస్తుందో లెక్క తేలుస్తుంది. బార్‌కోడ్ ఫైల్ పాతదైతే కొత్త వేరియంట్ పాళ్ళు దాని అక్క ఖాతాలో పడతాయి. నడిపే ముందు అప్‌డేట్ చేయండి.

జోస్యం

అందరికీ ఇదే కావాలి, నాకు అన్నిటికంటే తక్కువ నమ్మకం ఉన్నదీ ఇదే. రెండు రకాలున్నాయి. ఒకటి, ఇప్పటికే తిరుగుతున్నవాటిలో ఏది పెరుగుతుందో చెప్పేవి. పైఆర్0 అనే మోడల్ 64 లక్షల జన్యుక్రమాలు తీసుకుని, వంశాల పెరుగుదలని వాటిలోని మ్యుటేషన్లకి పంచింది. ప్రాంతాల వారీగా, వారాల వారీగా సీక్వెన్సులు ఆగకుండా వస్తుంటే ఇలాంటివి బాగా పనిచేస్తాయి. నెలకి యాభై సీక్వెన్సులు వచ్చే జిల్లాకి వద్దు. అక్కడ ఒక మామూలు లాజిస్టిక్ (ఎస్ ఆకారంలో పెరిగే) రేఖ గీసి, పక్కన అనిశ్చితి చూపించడం నిజాయితీ.

రెండోది, ఇంకా పుట్టని మార్పుల గురించి చెప్పేవి. ప్రొటీన్ లాంగ్వేజ్ మోడల్స్ (ప్రొటీన్ వరుసల్ని భాషలా నేర్చుకునేవి), ఈవీఎస్కేప్ లాంటివి. ఈవీఎస్కేప్ మహమ్మారికి ముందున్న సీక్వెన్సులతోనే నేర్చుకుని, స్పైక్‌లో యాంటీబాడీల నుంచి తప్పించుకునే మార్పులు ఎక్కడ రావచ్చో చాలావరకు సరిగ్గా గుర్తించింది. ఆ పని నిజంగా మెచ్చుకోదగ్గది. కానీ స్థానాల జాబితా వేరు, రాబోయే వేరియంట్ వేరు. 2023 ఆగస్టులో బీఏ.2.86 బయటపడినప్పుడు బీఏ.2తో పోలిస్తే స్పైక్‌లో ముప్ఫైకి పైగా మార్పులున్నాయి. అందరూ భయపడ్డారు, అది నెమ్మదిగానే సాగింది. దాని మీద ఎల్455ఎస్ అనే ఒకే ఒక్క స్పైక్ మార్పు చేరి జేఎన్.1 అయ్యాక, 2023 డిసెంబరు చివరికి ప్రపంచంలో ఎక్కువగా కనబడేది అదే అయింది. ఒక మ్యుటేషన్ విలువ దాని పక్కన ఇంకేమున్నాయన్నదాన్ని బట్టి మారుతుంది. మోడల్ ఆ కలయికని లెక్కలోకి తీసుకుంటుందా లేదా అన్నదే వాడే ముందు అడగాల్సిన ప్రశ్న.

నేనైతే

ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్, మూడొందల సీక్వెన్సులు, మూడు నెలల ప్రాజెక్టు ఉన్న పిల్లలకి నేను చెప్పేది ఇది. మొదటి రోజు నెక్స్ట్‌క్లేడ్. నాణ్యతలో ఎర్రగా వచ్చినవి తీసేయండి, తీసేసినవి ఎన్నో రాసుకోండి. తర్వాత ప్యాంగోలిన్, వెర్షన్ నంబర్లతో సహా. ఐక్యూ-ట్రీ చెట్టు రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున లేచి కొమ్మల చివర్లకి ఊరి పేరు కాకుండా ముందు ప్రైమర్ సెట్ పేరుతో, సీక్వెన్స్ చేసిన ల్యాబు పేరుతో రంగులు వేయండి. రంగులు కొమ్మల వారీగా విడిపోతే ఆగి, కారణం వెతకండి. పక్కన సరిచూసుకోవడానికి బయటి సీక్వెన్సులు కావాలంటే ఎన్‌సీబీఐలో ఎవరైనా తీసుకోవచ్చు. జీఐఎస్ఏఐడీకి ఖాతా కావాలి, అక్కడ తీసుకున్న సీక్వెన్సుల్ని మీ సప్లిమెంటరీ ఫైల్‌లో పెట్టేయడానికి వాళ్ళ షరతులు ఒప్పుకోవు.

మెషీన్ లెర్నింగ్ చేసి తీరాలని గైడ్ పట్టుబడితే చేయండి, కానీ చెట్టు తర్వాత. ముక్కల లెక్కలు కాకుండా, రిఫరెన్స్‌తో పోల్చిన మ్యుటేషన్ల పట్టిక ఇవ్వండి. ఎన్ ఉన్నచోట సున్నా పెట్టొద్దు, "తెలియదు" అని వేరే గుర్తు పెట్టండి. జి142డి గొడవంతా ఆ సున్నా దగ్గరే మొదలయింది. మోడల్ ఏ స్థానాల్ని ముఖ్యమని చూపిస్తుందో, మొదటి ఇరవై తీసి ఒక్కోదాన్ని చెట్టు మీద రంగు వేసి చూడండి. ఒక్క కొమ్మలోనే ఉంటే అది వంశం గుర్తు, అంతకుమించి ఏమీ చెప్పదు. చెల్లాచెదురుగా కనబడితే అక్షరం ఏ రకం మార్పో చూడండి. సి నుంచి టి అయితే పక్కన పెట్టి, తర్వాతదానికి వెళ్ళండి.